పాతకాలపు ఆర్‌సీ బగ్గీకి కొత్త భాగాలు: ఏది ముందు, ఏది తరువాత, ఏది అసలే వద్దు

మా మేనల్లుడు హార్నెట్ అనే ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బగ్గీ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, మూత కూడా తీయకముందే అడిగాడు: "మామయ్యా, దీనికి బ్రష్‌లెస్ మోటారు (కిట్‌తో వచ్చేదానికన్నా చాలా వేగంగా తిరిగేది) వేద్దామా?" అప్పటికి ఆ పెట్టెలో ఉన్నవి సంచుల్లో విడిభాగాలు, రంగు వేయని పారదర్శక బాడీ, స్టిక్కర్ల కాగితం. బండి పుట్టనే లేదు, దానికి గుండె మార్పిడి! వద్దు అని ఒక్క మాటలో చెప్పాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం రెండు నెలల ఆదివారాలు పట్టాయి. ఆ రెండు నెలల్లో చేసిన పని, చేసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

వరుస అంటున్నది ఊరికే కాదు. 1980ల నాటి బగ్గీల్లో ప్రతి భాగమూ పక్క భాగం ఎంత తట్టుకోగలదో లెక్క చూసుకుని తయారైంది. ఒక చోట బలం పెంచితే దెబ్బ అక్కడ ఆగదు, పక్కింటికి పోతుంది. మీరు కొనే ప్రతి భాగాన్నీ "ఇది గట్టిపడితే తరువాత విరిగేది ఏది?" అని అడిగి కొనండి.

1. మీ చేతిలో ఉన్నది ఏ తరం బండి?

పాతకాలపు బగ్గీ అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు రకాలు.

మొదటిది 1980లలో తయారైన అసలు బండి. ఎవరి అటక మీదో దొరికినది. నలభై ఏళ్ల ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. దానికి బలమైన భాగాలు వేయకండి, అసలు పరిగెత్తించకండి. శుభ్రం చేసి అద్దాల బీరువాలో పెట్టండి.

రెండవది అదే నమూనాను కంపెనీ మళ్లీ విడుదల చేసినది. జపాన్ కంపెనీ టమియా వారి హార్నెట్ 1984లో వచ్చి 2004లో మళ్లీ వచ్చింది. 1983 నాటి ఫ్రాగ్ 2005లో, 1985 నాటి హాట్‌షాట్ 2007లో తిరిగొచ్చాయి. మరో జపాన్ కంపెనీ క్యోషో వారి స్కార్పియన్ 1982ది, మళ్లీ వచ్చింది 2014లో. 1985 నాటి ఆప్టిమా 2016లో వచ్చింది. అమెరికా కంపెనీ అసోసియేటెడ్ వారి ఆర్‌సీ10 బంగారు రంగు అల్యూమినియం ఛాసిస్‌తో (బండి అడుగు చట్రం) 1984లో పేరు తెచ్చుకుంది, 2013లో మళ్లీ అమ్మకానికి వచ్చింది. తిరిగి విడుదలైన వాటిలో చిన్న చిన్న మార్పులు ఉంటాయి. అందువల్ల అసలు బండి భాగం దీనికి, దీని భాగం దానికి చాలావరకు సరిపోతాయి కానీ అన్నీ సరిపోవు.

మూడవది రూపం పాతది, లోపల ఛాసిస్ కొత్తది. టమియా డీటీ-02, డీటీ-03 ఛాసిస్‌ల మీద వచ్చే బగ్గీలు ఈ కోవలోవి. వీటికి భాగాలు దొరకడం తేలిక. వెనక చక్రం బిగించే చోట 12 మిల్లీమీటర్ల షట్కోణం ఉంటుంది కాబట్టి మార్కెట్లో ఉన్న సగం చక్రాలు వెనక ఎక్కుతాయి.

మీది ఏదో తేలాక సూచనల పుస్తకం చివర ఉండే భాగాల పట్టిక తీసి పక్కన పెట్టుకోండి. ఆ నంబర్లు లేకుండా ఏదీ ఆర్డరు చేయవద్దు. ఫొటో చూసి కొన్నవి నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

2. కొనకముందు అయిదు బ్యాటరీలు నడపండి

కంపెనీ ఇచ్చినట్టే బిగించి అయిదు బ్యాటరీల మేర, అంటే అయిదుసార్లు ఛార్జి అయిపోయేవరకు, నడపండి. ఏది వదులైంది, ఏది విరిగింది, ఎక్కడ దుమ్ము చేరింది అని చిన్న పుస్తకంలో రాయండి. మేము మల్కాజిగిరిలో ఇంటి దగ్గరి ఖాళీ ప్లాటులో నడిపాం. కింద మొరం, మధ్యలో పునాదులు తవ్వినప్పుడు మిగిలిన గ్రానైటు ముక్కలు, అంచుల్లో పల్లేరుకాయలు. వీడియోల్లో కనిపించే పరదేశపు పచ్చిక మైదానం కాదు. అక్కడి వాళ్లు చెప్పిన భాగాల జాబితా మనకు అక్షరాలా పనికిరాకపోవడానికి మొదటి కారణం ఈ నేలే.

బిగించేటప్పుడు ఒక మెలకువ. జపాన్ కిట్లలో స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ గుర్తువే, కానీ వాటి గాడి జపాన్ కొలతది, పేరు జేఐఎస్. మన ఇళ్లలోని స్టార్ స్క్రూడ్రైవరు అందులో పూర్తిగా దిగదు. రెండుసార్లు తిప్పితే తల అరిగి గుండ్రమవుతుంది. ముందు ఒక మంచి జేఐఎస్ స్క్రూడ్రైవరు కొనండి. నా లెక్కలో అదే మొదటి అప్‌గ్రేడ్.

విప్పిన స్క్రూను ప్లాస్టిక్‌లోకి తిరిగి బిగించేటప్పుడు నేరుగా ముందుకు తిప్పవద్దు. రంధ్రం మీద నిలబెట్టి, మెల్లగా వెనక్కి తిప్పండి. ఒక చోట "టక్" మని చిన్నగా కిందికి దిగుతుంది. అది పాత మర మొదలు. అక్కడి నుంచి ముందుకు తిప్పితే పాత దారిలోనే వెళుతుంది. ఈ అలవాటు లేకపోతే నాలుగోసారి విప్పేసరికి రంధ్రంలో మర ఉండదు, ప్లాస్టిక్ పొడి ఉంటుంది.

3. మొదటి ఖర్చు బేరింగుల మీద

చాలా కిట్లలో ఇరుసులు తిరిగేది ప్లాస్టిక్ లేదా కంచు బుష్‌ల (లోపల గుండ్లు లేని వలయాల) మీద. మన మొరం దుమ్ము అందులోని గ్రీజుతో కలిస్తే సానబెట్టే ముద్ద తయారవుతుంది. బుష్ అరుగుతుంది, ఇరుసు ఊగుతుంది, ఆ ఊపుకు గేర్లు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. గేరు పళ్లు పోయాయని గేర్లు మార్చేవాళ్లలో చాలామంది నిజానికి మార్చవలసింది బుష్‌నే.

బేరింగు వేస్తే మోటారు మీద భారం తగ్గుతుంది, అదే బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది, వేగమూ కొద్దిగా పెరుగుతుంది. ఏ భాగం మీదా అదనపు దెబ్బ పడకుండా లాభం ఇచ్చే మార్పు దాదాపు ఇదొక్కటే.

టమియా పుస్తకాల్లో 1150 అని కనిపిస్తే బయటి వ్యాసం 11, లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు అని అర్థం. వెడల్పు 4. 850 అంటే బయట 8, లోపల 5. ఇవి ఆర్‌సీ బండ్లకే పుట్టినవి కావు. మామూలు పారిశ్రామిక కొలతలే. 1150కి బేరింగు దుకాణాల్లో పేరు ఎమ్‌ఆర్115.

అందుకే విదేశం నుంచి తెప్పించకుండా రాణిగంజ్ వెళ్లాం. సికింద్రాబాద్‌లో బేరింగుల దుకాణాలు వరుసగా ఉండేది అక్కడే. మేనల్లుడు ఆర్‌సీ కారు, హార్నెట్, 1984 అని కథంతా మొదలుపెట్టాడు. దుకాణంలోని పెద్దాయన అద్దాల పైనుంచి చూసి "లోపల ఎంత, బయట ఎంత, మందం ఎంత బాబూ?" అన్నారు. "అయిదు, పదకొండు, నాలుగు." "రేకు మూతదా, రబ్బరు మూతదా?" అంతే సంభాషణ.

ఆ చివరి ప్రశ్న ముఖ్యమైనది. రేకు మూత ఉన్న వాటిని జడ్‌జడ్ అంటారు, రబ్బరు మూతవి టూఆర్‌ఎస్. రేకు మూతకు, లోపలి వలయానికి మధ్య సన్నని సందు ఉంటుంది. తేలికగా తిరుగుతుంది కానీ దుమ్ము దూరుతుంది. చక్రాల దగ్గర రబ్బరు మూతవి, మూసి ఉన్న గేరుపెట్టె లోపల రేకు మూతవి వేయండి. కొన్న వెంటనే ఒక్కొక్కటి వేలిమీద పెట్టి తిప్పి చూడండి. గరగర తగిలితే అక్కడే మార్చుకోండి.

వేశాక ఇరుసు పక్కలకు కదులుతుంటే 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పలుచని షిమ్ వాషర్లు, 0.1 లేదా 0.2 మిల్లీమీటర్లవి, సందు పోయేవరకు వేయండి. పూర్తిగా బిగుసుకోకూడదు, వెంట్రుకవాసి కదలిక ఉండాలి.

సంక్రాంతి రోజుల్లో ఇంకో బెడద. ఖాళీ ప్లాటులో తెగిపడిన మాంజా చక్రం వెనక ఇరుసుకు చుట్టుకుంటుంది. పైకి కనిపించదు. గాజు పొడి పూసిన ఆ దారం బేరింగు రబ్బరు మూతను కోసేస్తుంది. జనవరిలో ప్రతి ఆట తరువాత నాలుగు చక్రాలూ విప్పి చూడండి.

4. స్టీరింగు

సర్వో అంటే ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు పెట్టె. కిట్‌తో వచ్చే సర్వో సేవర్ మెత్తగా ఉంటే చక్రాలు ఎటు తిరగాలో తేల్చుకోలేక తటపటాయిస్తాయి. సర్వో సేవర్ పని దెబ్బ తగిలినప్పుడు స్ప్రింగులా వంగి సర్వో లోపలి పళ్లను కాపాడటం. మరీ మెత్తనిది స్టీరింగును చెడగొడుతుంది, అసలు లేకపోతే సర్వో పోతుంది. టమియా వారిదే గట్టి రకం ఒకటి విడిగా దొరుకుతుంది. తక్కువ ఖర్చుకు బండి తీరు ఇంతగా మార్చే భాగం మరొకటి చూడలేదు.

కొనేముందు మీ సర్వో ఇరుసు మీద ఎన్ని పళ్లో చూడండి. ఫుటాబాకు 25, హైటెక్‌కు 24, సాన్వాకు 23. ఒకదానిది ఇంకోదానికి బలవంతంగా దిగుతుంది, రెండు రోజుల్లో జారిపోతుంది.

5. డ్యాంపర్లు (షాక్ అబ్సార్బర్లు): తొందరపడకూడని చోటు

హార్నెట్ వెనక ఇరుసు, గేరుపెట్టె, మోటారు అన్నీ ఒకే ముద్దగా పైకీ కిందికీ ఊగుతాయి. ఎడమ చక్రానికి గుంత తగిలితే కుడి చక్రానికీ తెలుస్తుంది. అందుకే ఇది గెంతుతూ పరిగెడుతుంది. ఆ గెంతు దీని స్వభావం, పూర్తిగా పోగొట్టాలనుకుంటే వేరే బండి కొనుక్కోవడం మేలు. మనం చేయగలిగింది గెంతాక తొందరగా కుదురుకునేలా చేయడం.

కిట్‌లో హార్నెట్‌కు వెనక నూనె డ్యాంపర్లు ఇస్తారు, ముందు స్ప్రింగులు మాత్రమే. దాని అన్న లాంటి గ్రాస్‌హాపర్‌కు వెనక కూడా నూనె లేదు. గ్రాస్‌హాపర్ ఉన్నవాళ్లు మోటారు ఆలోచన కన్నా ముందు వెనక నూనె డ్యాంపర్లు వేయాలి. హాట్‌షాట్‌కు ముందొకటి వెనకొకటి, మొత్తం రెండే. నాలుగింటి సెట్టు చవకగా వచ్చిందని కొనకండి.

పొడవు కొలిచే పద్ధతి ఇది. పాత డ్యాంపరు విప్పి, పై రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్య వరకు రెండుసార్లు కొలవండి: పూర్తిగా సాగదీసి ఒకసారి, పూర్తిగా నొక్కి ఒకసారి. సాగినప్పటి కొలత సరిపోయిందని మురిసిపోతే చాలదు. నొక్కినప్పటి పొడవు పాతదానికన్నా ఎక్కువుంటే బండి గెంతి దిగినప్పుడు డ్యాంపరే స్తంభంలా అడ్డుపడి, ఆ దెబ్బ నేరుగా దాన్ని బిగించిన ప్లాస్టిక్ చెవికి తగులుతుంది.

అల్యూమినియం డ్యాంపర్లు అందంగా ఉంటాయి, నిజమే. టమియా సీవీఏ పేరుతో అమ్మే ప్లాస్టిక్ డ్యాంపర్లు అందంగా ఉండవు, కానీ నూనె కారవు, పనితీరులో తీసిపోవు. నా ఓటు వాటికే.

నూనె పోసేటప్పుడు పిస్టన్‌ను అడుగుకు దించి, అంచు దాకా సిలికాన్ నూనె పోయండి. పిస్టన్‌ను చాలా నెమ్మదిగా పైకీ కిందికీ కదపండి. ఆవగింజలంత బుడగలు పైకి వస్తాయి. పది నిమిషాలు నిలబెట్టి వదిలేయండి. బుడగలు ఆగాక మూత బిగిస్తే కొంచెం నూనె పొర్లుతుంది, అది మామూలే. తరువాత చెవి దగ్గర పెట్టుకుని కడ్డీ నొక్కండి. "చుస్ చుస్" వినిపిస్తే లోపల ఇంకా గాలి ఉంది, మళ్లీ మొదలుపెట్టాలి.

కిట్‌తో సాధారణంగా వచ్చేది 400 రకం పసుపు నూనె. సంఖ్య పెరిగితే నూనె చిక్కన. వేడికి నూనె పలచబడుతుంది. మే నెలలో హైదరాబాద్ ఎండలో నడిపేవాళ్లు 500కి మారితే బండి నేలకు అంటుకుని ఉంటుంది. డిసెంబరు ఉదయాలకు 400 చాలు. కొన్ని కంపెనీలు సీసా మీద వెయిట్ అని రాస్తాయి. అసోసియేటెడ్ లెక్కలో 30 వెయిట్ అంటే 350, 40 అంటే 500.

అంతా అయ్యాక బండిని బ్యాటరీతో సహా ఒక అడుగు ఎత్తు నుంచి సమంగా వదలండి. దిగి, ఒకసారి కుంగి, లేచి ఆగిపోవాలి. రెండోసారి ఎగిరితే నూనె పలచన. దిగిన చోటే బిగుసుకుపోతే చిక్కన.

6. టైర్లు

ముళ్ల టైర్లు మొరం మీద బాగుంటాయి, తారు రోడ్డు మీద నెల తిరిగేసరికి నున్నగా అవుతాయి. మీరు ఎక్కువగా అపార్ట్‌మెంటు సెల్లారులోనో, కాలనీ రోడ్డు మీదో నడిపేవాళ్లయితే చిన్న గడుల టైర్లు కొని, ముళ్లవి దాచుకోండి. పాత నమూనాల్లో చక్రం బిగించే పద్ధతి ఒక్కో బండికి ఒక్కో రకం. 12 మిల్లీమీటర్ల షట్కోణం లేని బండికి మధ్యలో అడాప్టరు వేస్తే చక్రం బయటికి జరుగుతుంది, ఇరుసు మీద వంపు బలం పెరుగుతుంది.

7. లోహం ఎక్కడ, ప్లాస్టిక్ ఎక్కడ

ఇదొక్కటి నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను. మా ఇంట్లోనే ఉన్న వేరే బగ్గీకి ఆన్‌లైన్‌లో చూసి నీలం రంగు అల్యూమినియం ముందు ఆర్మ్‌లు (చక్రాలను ఛాసిస్‌కు కలిపే చేతులు) తెప్పించాను. మొదటి రోజే గ్రానైటు ముక్కకు గుద్దుకుంది. తీసి చూస్తే ఆర్మ్ మీద గీత కూడా లేదు. ఆర్మ్ బిగించిన ఛాసిస్ ముక్కు మాత్రం స్క్రూలతో సహా ఊడి వచ్చింది. ప్లాస్టిక్ ఆర్మ్ ఉండి ఉంటే అదే వంగి, మరీ అయితే విరిగి, చవకలో పోయేది. కొత్త ఛాసిస్ కోసం అయిదు వారాలు ఆగాను.

దెబ్బ తినే భాగాలు, అంటే ఆర్మ్‌లు, బంపరు, ముందు నకిల్స్ (ముందు చక్రాలను పట్టుకుని తిరిగే ముక్కలు), ప్లాస్టిక్‌వే ఉండనివ్వండి. రెండేసి చొప్పున అదనంగా కొని పెట్టుకోండి. అరిగే భాగాలకు లోహం వేయండి. కిట్‌తో వచ్చే మెత్తని లోహపు పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) బదులు ఉక్కు పినియన్ మంచిది. ఫ్రాగ్‌లో వెనక చక్రాలకు బలం అందించే కడ్డీల షట్కోణపు చివరలు, అవి కూర్చునే గిన్నెలు అరుగుతాయి. వాటి బదులు యూనివర్సల్ జాయింటు ఉన్న ఉక్కు కడ్డీలు వేయవచ్చు.

ఇప్పుడు త్రీడీ ప్రింటు భాగాలూ వస్తున్నాయి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసినవి సుమారు 60 డిగ్రీలకే మెత్తబడతాయి. వేసవిలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉంచి మరిచిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. అడిగి, ఇంకాస్త వేడి తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తో చేయించుకోండి.

లోహం లోహానికి బిగించే చోటే థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పూసే జిగురు) వాడండి. అది ఏబీఎస్, పాలీకార్బొనేటు ప్లాస్టిక్‌లకు తగిలితే పగుళ్లు వస్తాయి. పెట్రోలుతో కడగడమూ అంతే.

8. బ్యాటరీ, స్పీడ్ కంట్రోలరు

పాత ఛాసిస్‌లలో బ్యాటరీ గూడు ఆరు గుండ్రని సెల్స్ ఉన్న 7.2 వోల్టుల నికెల్ ప్యాక్ ఆకారానికి చేసినది. పెట్టెలా చదరపు మూలలున్న లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) అందులో దిగదు. ఛాసిస్‌ను కత్తితో చెక్కేవాళ్లున్నారు, నాకైతే చేతులు రావు. గుండ్రని మూలల లైపో దొరుకుతుంది, అది వెతకండి.

రెండు సెల్స్ లైపో నిండుగా ఛార్జ్ అయితే 8.4 వోల్టులు. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి పోతే పాడవుతుంది. కాబట్టి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే స్పీడ్ కంట్రోలరుకు లైపో రక్షణ (వోల్టేజీ పడిపోతే ఆపే ఏర్పాటు) ఉండాలి. హాబీవింగ్ కంపెనీ 1060 కంట్రోలరు బ్రష్డ్ మోటార్లకు (కిట్‌తో వచ్చే రకం) సరిపడే నమ్మకమైన రకం. దాని మీద చిన్న జంపరు ఉంటుంది, లైపో వైపు పెట్టడం మరవద్దు. నడపని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి.

మన ఊళ్లో డాలస్ నుంచి వచ్చే బంధువు లేని ఇల్లు అరుదు. ఆయనను బ్యాటరీ తెమ్మని అడిగేటట్టయితే చేతి సంచిలోనే, కొనలకు టేపు చుట్టి తెమ్మనండి. 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు, విమానాల 100 పరిమితికి లోపలే. నా సలహా మాత్రం బ్యాటరీ ఇక్కడే కొని, ఆయనచేత చిన్న చిన్న భాగాలు తెప్పించుకోమని. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. అయిదారు చిన్న పార్సిళ్లు వేరువేరుగా తెప్పించడం కన్నా జాబితా రాసుకుని ఒకేసారి తెప్పించడం నయం.

9. చివరగా మోటారు

కిట్‌తో వచ్చే వెండి రంగు 540 మోటారు లోపలి తీగ చుట్లు 27. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది. భారం లేకుండా 7.2 వోల్టుల మీద నిమిషానికి సుమారు 15 వేలసార్లు తిరుగుతుంది. 3300 కేవీ (వోల్టుకు నిమిషానికి 3300 సార్లు తిరిగే) బ్రష్‌లెస్ మోటారుకు 8.4 వోల్టులు ఇస్తే లెక్క ప్రకారం 27 వేలు దాటుతుంది. వేగం రెట్టింపు దరికి వస్తే గుద్దుకున్నప్పటి శక్తి నాలుగు రెట్ల దరికి పోతుంది. మేనల్లుడికి ఈ లెక్క కాగితం మీద వేయించాను. "అయితే ఛాసిస్ ముక్కు మళ్లీ ఊడుతుందా?" అన్నాడు. అర్థమైందన్నమాట.

ఈ తరహా బండికి 23 చుట్ల దగ్గరి స్పోర్ట్ ట్యూన్డ్ రకం చాలు. కంట్రోలరు ఎన్ని చుట్ల వరకు తట్టుకుంటుందో చూసుకోండి. 1060కి రెండు సెల్స్ మీద 12 చుట్లకు తక్కువ వేయకూడదు.

పినియన్ మార్చేముందు పళ్ల కొలత చూడండి. మాడ్యూల్, పిచ్ అన్నవి పళ్ల పరిమాణం చెప్పే రెండు పద్ధతులు. 0.6 మాడ్యూల్, 48 పిచ్ పళ్లు కంటికి ఒకేలా ఉంటాయి, కలిపి తిప్పితే ఒక ఆదివారంలో రెండూ పోతాయి. 32 పిచ్, 0.8 మాడ్యూల్ మాత్రం దాదాపు ఒకటే. 17 పళ్ల నుంచి 19కి మారితే పై వేగం 12 శాతం దాకా పెరుగుతుంది, మోటారు వేడి కూడా. చాలా పాత గేరుపెట్టెల్లో మోటారు రంధ్రాలు కదలవు కాబట్టి పుస్తకంలో చెప్పిన పళ్లకే కట్టుబడాలి.

అయిదు నిమిషాలు నడిపి మోటారును వేలితో తాకండి. మూడు లెక్కపెట్టేంత సేపు వేలు ఉంచలేకపోతే ఆపేయండి, చిన్న పినియన్‌కు మారండి. మే మధ్యాహ్నం ఈ పరీక్షలో మోటారు ఓడిపోతుంది, సాయంత్రం అయిదు తరువాత నడపండి.

రెండు బ్యాటరీలు అయ్యాక గేరుపెట్టె తెరవండి. గ్రీజు వేసిన రంగులోనే ఉంటే మూసేయండి. బూడిద రంగుకు తిరిగి, వేళ్ల మధ్య రుద్దితే మెరుస్తుంటే ఏదో లోహం అరుగుతోంది. పినియన్ పళ్ల మీద గోరు ఆనించి చూడండి. అంచులు కత్తిలా తగిలితే దాన్ని మార్చి, పాత గ్రీజంతా గుడ్డతో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి మూయండి.